మారిషస్‌లో ఏ ఒడ్డున దిగాలి, ఏ దీవికి వెళ్ళాలి?

మొదటిసారి మారిషస్ వెళ్ళినప్పుడు మేం జులైలో తూర్పు ఒడ్డున ఆరు రాత్రులు బుక్ చేసుకున్నాం. ఫొటోల్లో తెల్లటి ఇసుక, అద్దంలాంటి నీళ్ళు. వెళ్ళాక చూస్తే ఇసుకా నీళ్ళూ రెండూ నిజమే, కాకపోతే పొద్దున లేచిన దగ్గర్నుంచి గాలే గాలి, మా అమ్మ బీచ్‌లో కుర్చీ వేసుకుని పది నిమిషాలు కూర్చోలేక చెవులకి కొంగు చుట్టుకుని రూమ్‌కి వచ్చేసేది. నాలుగో రోజు టాక్సీ మాట్లాడుకుని పడమర వైపు వెళ్తే అక్కడ ఆకు కూడా కదలట్లేదు. ఆ దీవి మొత్తం వెడల్పే 45 కిలోమీటర్లు!

అప్పట్నుంచి ఎవరైనా "మారిషస్‌లో ఎక్కడ ఉంటే బాగుంటుంది" అని అడిగితే నేను హోటల్ పేరు చెప్పను, ఏ నెలలో వెళ్తున్నారు అని అడుగుతా. చాలామందికి ఇది వింతగా ఉంటుంది. వాళ్ళు నార్త్ బాగుంటుందా వెస్ట్ బాగుంటుందా, రోడ్రిగ్స్ దీవి కూడా కలుపుకోవాలా, ఆ చిన్న చిన్న దీవుల బోట్ ట్రిప్పుల్లో ఏది పెట్టుకోవాలి అని ఇరవై ట్యాబులు తెరిచి కూర్చుని ఉంటారు. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నా.

## ముందు ఆ దేశం ఎలా పరుచుకుందో

మారిషస్ అంటే మనం అనుకునే పెద్ద దీవి 1,865 చదరపు కిలోమీటర్లు, మన పాత శ్రీకాకుళం జిల్లాలో మూడో వంతు ఉంటుందేమో అంతే. దానికి తూర్పుగా దాదాపు 600 కి.మీ. దూరంలో రోడ్రిగ్స్. ఈశాన్యంగా 400 కి.మీ. పైన సెయింట్ బ్రాండన్ అనే ఇసుక దిబ్బల గుంపు. ఉత్తరంగా వెయ్యి కి.మీ. దాటాక అగలేగా. ఇవి కాక పెద్ద దీవి చుట్టూ ఒడ్డుకి దగ్గర్లోనే చిన్న చిన్న లంకలు బోలెడు, బోట్ ట్రిప్ అని అమ్మేవి ఇవే. ఇంకా దూరాన చాగోస్ ఉంది, దాని కథ వేరు, చివర్లో చెప్తా.

పెద్ద దీవీ రోడ్రిగ్సూ అగ్నిపర్వతాల నుంచి పుట్టినవి, అందుకే కొండలుంటాయి. సెయింట్ బ్రాండన్, అగలేగా పగడపు ఇసుక మీద తేలినట్టుండే పల్లపు దీవులు. పెద్ద దీవి చుట్టూ దాదాపు పూర్తిగా పగడపు దిబ్బ ఉంది, సముద్రపు అలలు అక్కడే విరిగిపోతాయి, దానికీ ఒడ్డుకీ మధ్య మిగిలిన ప్రశాంతమైన నీళ్ళనే లగూన్ అంటారు. దిబ్బ లేని చోట సముద్రం నేరుగా వచ్చి కొడుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంటే నీళ్ళలోకి ఎక్కడ దిగొచ్చు ఎక్కడ దిగకూడదు అన్నది సగం తెలిసిపోయినట్టే.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

గాలి. నా లెక్కలో ఇదే మొదటిది. ఏడాదంతా ఆగ్నేయం నుంచి వాణిజ్య పవనాలు వీస్తాయి, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మరీ గట్టిగా. తూర్పు, ఆగ్నేయ తీరాలు గాలికి ఎదురు, పడమర తీరం గాలికి మరుగు, ఉత్తరం మధ్యస్థం. వాళ్ళ ఋతువులు మనకి తిరగేసి ఉంటాయని మర్చిపోకండి, మనం మే నెలలో మాడిపోతున్నప్పుడు వాళ్ళకి చలికాలం మొదలవుతుంది. చలి అంటే ఒడ్డున మన హైదరాబాద్ డిసెంబర్ పగలులా ఉంటుంది, భయపడేదేం లేదు.

వాన. ఆ గాలే మధ్యలో ఉన్న ఎత్తు ప్రదేశాన్ని ఎక్కి అక్కడ వాన కురిపించేసి, పడమర దిగేసరికి ఎండిపోతుంది. మనకి పడమటి కనుమలు అడ్డం వచ్చి అనంతపురానికి వాన లేకుండా పోయినట్టే, కాకపోతే ఇక్కడ అదంతా ముప్పావు గంట కారు ప్రయాణంలో కనిపిస్తుంది. పడమటి తీరంలో ఏడాదికి 900 మి.మీ. అటూ ఇటూ పడితే, మధ్యలో బాగా తడిసే చోట్ల దానికి నాలుగింతల దాకా పడుతుంది.

తుఫాను. నవంబర్ నుంచి ఏప్రిల్ సీజన్, జనవరి నుంచి మార్చి ఎక్కువ. 2024 జనవరిలో బెలాల్ తుఫానుకి రాజధాని పోర్ట్ లూయీ వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి. అలా అని ఆ నెలల్లో వెళ్ళకూడదని కాదు, ధర తగ్గొచ్చు, కానీ రోడ్రిగ్స్ లాంటి రెండో ఫ్లైట్ మీద ఆధారపడే ప్లాన్ మాత్రం ఆ నెలల్లో పెట్టుకోకండి.

మీతో ఎవరున్నారు, ఏం తింటారు. పెద్దవాళ్ళు, చిన్న పిల్లలు, శాకాహారులు ఉంటే జవాబు మారిపోతుంది.

ఎన్ని రోజులు. ఐదు రోజుల లోపు అయితే ఒక్క ఒడ్డు పట్టుకుని కూర్చోండి. మన నుంచి వెళ్ళి రావడానికే దాదాపు రెండు రోజులు పోతాయి, హైదరాబాద్ నుంచైనా వైజాగ్ నుంచైనా ముంబై, ఢిల్లీ లాంటి చోట మారాల్సిందే అనుకుని లెక్కేసుకోండి.

టేబుల్ ఒకటి పెడుతున్నా, కానీ టేబుల్ చూసి బుక్ చేసేయకండి, కింద చదవండి.

| ఎక్కడ | జూన్–సెప్టెంబర్ గాలి | నీళ్ళలో దిగడానికి | శాకాహారం | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| ఉత్తరం, గ్రాండ్ బే వైపు | ఓ మోస్తరు | బాగుంటుంది | సులువు | మొదటిసారి వెళ్ళేవాళ్ళు, కుర్రాళ్ళు |
| పడమర, ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ | తక్కువ | చాలా బాగుంటుంది | సులువు | పెద్దవాళ్ళు, పిల్లలతో ఫ్యామిలీలు |
| నైరుతి మూల, లె మోర్న్ | గట్టి గాలి | చోటు చూసుకుని | పర్లేదు | కొండెక్కేవాళ్ళు, కైట్ సర్ఫింగ్ (పెద్ద గాలిపటం లాగుతుంటే నీళ్ళ మీద జారే ఆట) |
| తూర్పు, బెల్ మార్ | ఎక్కువ | వాళ్ళ వేసవిలో అద్భుతం | రిసార్ట్ మీద ఆధారం | హనీమూన్, నవంబర్–డిసెంబర్ |
| ఆగ్నేయం, మాహెబూర్, బ్లూ బే | ఎక్కువ | బ్లూ బే దగ్గర బాగుంటుంది | పర్లేదు | ఖర్చు చూసుకునేవాళ్ళు |
| మధ్య పీఠభూమి | చల్లగా, ముసురు | సముద్రం లేదు | చాలా సులువు | చుట్టాలున్నవాళ్ళు |
| రోడ్రిగ్స్ | ఎక్కువ | ఆటుపోట్లు చూసుకోవాలి | కష్టం | రెండోసారి వెళ్ళేవాళ్ళు |

## ఉత్తరం

గ్రాండ్ బే అంటే షాపులు, రెస్టారెంట్లు, రాత్రి కూడా జనం. గోవాలో బాగా బీచ్ లాంటిది అనలేను గానీ ఆ వరసలోదే. పక్కనే త్రూ ఓ బిష్, మోన్ ష్వాజీ బీచులు, నీళ్ళు నిదానంగా ఉంటాయి. పోర్ట్ లూయీ దగ్గర, పాంప్లమూస్ బొటానికల్ గార్డెన్ దగ్గర. కారు లేకుండా బస్సుల మీద తిరగాలనుకుంటే నా ఓటు దీనికే. ఎయిర్‌పోర్ట్ మాత్రం దీవికి ఆ చివర, ఆగ్నేయ మూలలో ఉంటుంది, అర్ధరాత్రి ఫ్లైట్ అయితే అది గుర్తుంచుకోండి.

ఇక్కడి నుంచి కాటమరాన్ పడవల్లో ఉత్తర దీవులకి తీసుకెళ్తారు. దారిలో క్వాన్ ద మీర్ అనే కోసేసిన కేకు ముక్కలాంటి రాయి కనిపిస్తుంది, ఆ తర్వాత ఫ్లాట్ ఐలాండ్, దాని పక్కన గాబ్రియేల్. ఇది లగూన్ దాటి బయటి సముద్రంలోకి వెళ్ళే ట్రిప్, వాళ్ళ చలికాలంలో పడవ బాగా ఊగుతుంది, వాంతులయ్యేవాళ్ళు మాత్ర వేసుకోకుండా ఎక్కొద్దు. పడవలో మ్యూజిక్ పెట్టి చికెన్ కాలుస్తూ చెప్పని విషయం ఒకటుంది. ఈ రెండు దీవులూ ఒకప్పుడు క్వారంటైన్ స్థలాలు. 1856లో చెరకు తోటల పనికని కలకత్తా నుంచి వచ్చిన రెండు ఓడల కూలీలని కలరా భయంతో గాబ్రియేల్ మీద దించేస్తే వందల మంది అక్కడే పోయారు. అది తెలిసి వెళ్తే ఆ తెల్లటి ఇసుక వేరేగా కనిపిస్తుంది.

ఇంకాస్త పైన రౌండ్ ఐలాండ్, సర్పెంట్ ఐలాండ్ ఉన్నాయి. తమాషా ఏంటంటే రౌండ్ ఐలాండ్ గుండ్రంగా ఉండదు, సర్పెంట్ ఐలాండ్‌లో పాములుండవు, పాములు ఉండేది రౌండ్ ఐలాండ్‌లోనే! ఎవరో పాతకాలపు మ్యాపులో పేర్లు తారుమారు చేశారని ఒక వాదన. టూరిస్టులని అక్కడ దించరు, రక్షిత ప్రాంతాలు, కాబట్టి దాని గురించి ఆలోచించి టైమ్ పాడు చేసుకోవద్దు.

## పడమర, నైరుతి

అమ్మానాన్నలతో, అత్తమామలతో, మూడేళ్ళ పిల్లతో వెళ్తున్నారా, అయితే ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ చుట్టుపక్కల రూమ్ తీసుకోండి. గాలి మరుగు, ఎండ ఎక్కువ, వాన తక్కువ, సాయంత్రం సూర్యుడు సముద్రంలోకి దిగడం బాల్కనీ నుంచే చూడొచ్చు. మన తూర్పు తీరం వాళ్ళకి సూర్యోదయమే గానీ ఇది దొరకదు కదా, మా అమ్మ అదొక్కటి చూసి "ఇక్కడే దిగుండాల్సింది" అంది. తప్పు నాదే.

తామరిన్ దగ్గర పొద్దున్నే డాల్ఫిన్ల కోసం పడవలు బయల్దేరతాయి. నాకైతే నచ్చలేదు, ఇరవై పడవలు కలిసి పది డాల్ఫిన్లని తరుముతున్నట్టుంది. వెళ్ళేవాళ్ళు వెళ్తారు. దానికంటే పడవ వాళ్ళని లె మోర్న్ వైపు, ఈల్ ఓ బెనితియే దీవి దాకా మెల్లగా తీసుకెళ్ళమనండి, లగూన్ లోపలే ప్రయాణం కాబట్టి పెద్దవాళ్ళు కూడా ఇబ్బంది పడరు.

లె మోర్న్ గురించి ఒక జాగ్రత్త. పడమరే కదా గాలి ఉండదులే అనుకుంటారు, కానీ అది మూల, దక్షిణం నుంచి గాలి అటు తిరిగి వస్తుంది, అందుకే వాళ్ళ చలికాలంలో కైట్ సర్ఫింగ్ వాళ్ళందరూ అక్కడ చేరతారు. వాళ్ళకి పండగ, గొడుగు వేసుకుని పడుకుందామనుకున్న మీకు కాదు. కొండ 556 మీటర్లు, యజమానుల నుంచి పారిపోయిన బానిసలు ఒకప్పుడు దాని మీద దాక్కున్నారు, 2008 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. పైకి ఎక్కే దారిలో చివరి భాగం చేతులూ కాళ్ళూ వాడి పాకాలి, మోకాళ్ళ నొప్పులుంటే సగం దాకా వెళ్ళినా చాలు, లగూన్ రంగులు అక్కడి నుంచే కనిపిస్తాయి.

ఆ ఫేమస్ 'సముద్రంలో జలపాతం' ఫొటో కూడా ఇక్కడిదే. నీళ్ళేం కిందకి పడట్లేదండీ, ఇసుకా మడ్డీ లోతులోకి జారిన చారలు పైనుంచి అలా భ్రమ కలిగిస్తాయి. హెలికాప్టర్ ఎక్కితేనే కనబడుతుంది. ఒడ్డున నిలబడి ఎక్కడ ఎక్కడ అని వెతికేవాళ్ళని నేను చూశాను.

## తూర్పు, ఆగ్నేయం, దక్షిణం

తూర్పుని తిట్టానని తీసేయకండి. బెల్ మార్ ఇసుక దీవి మొత్తంలోకి అందమైనది అని ఇప్పటికీ అంటాను. నవంబర్, డిసెంబర్‌లో పడమర ఉక్కపోతతో ఉడుకుతున్నప్పుడు అదే గాలి ఇక్కడ హాయిగా ఉంటుంది. ఇక్కడి త్రూ దో దూస్ ఊరి నుంచి పడవలో ఈల్ ఓ సెర్‌కి వెళ్తారు, పేరుకి అర్థం జింకల దీవి, జింకలు మాత్రం వెతకొద్దు, గోల్ఫ్ కోర్సూ వాటర్ స్పోర్ట్సూ ఉంటాయి. మధ్యాహ్నానికి జాతరలా నిండిపోతుంది. వెళ్తే పొద్దున మొదటి పడవకి వెళ్ళి పన్నెండుకి తిరిగొచ్చేయండి.

నన్నడిగితే ఒకే ఒక్క చిన్న దీవి చూడాలంటే మాహెబూర్ దగ్గరి ఈల్ ఓజెగ్రెత్ చూడండి. 26 హెక్టార్లు. ఒడ్డు నుంచి పడవలో కొద్ది నిమిషాలు. బీచ్ లేదు, డీజే లేదు, గైడ్ వెంట నడవడమే. మారిషస్‌లో మనుషులు రాకముందు అడవి ఎలా ఉండేదో ఆ ముక్కలో మళ్ళీ పెంచుతున్నారు, నల్లటి చేవ ఉండే ఎబొనీ చెట్లు, పెద్ద పెద్ద తాబేళ్ళు, గులాబీ రంగు పావురాలు. ఆ పావురాలు 1990 ప్రాంతంలో అడవిలో పదే మిగిలాయి, ఈ దేశంలోనే అంతరించిపోయిన డోడో పక్షి దారిలోనే పోవాల్సినవి, ఇప్పుడు వందల్లో ఉన్నాయి. పిల్లలకి స్కూల్లో చెప్పిన డోడో కథ ఇక్కడ కళ్ళ ముందు అర్థమవుతుంది.

బ్లూ బే మెరైన్ పార్కులో ఈత రాకపోయినా అద్దం అడుగున్న పడవలోంచి పగడాలు చూడొచ్చు. దీనికి కొంచెం పైన ఉన్న పగడపు దిబ్బ మీదే 2020 జులైలో వాకాషియో ఓడ ఎక్కేసి, ఆగస్టులో వెయ్యి టన్నుల దాకా నూనె కారింది, జనం చెరకు ఆకులూ జుట్టూ నింపిన గుడ్డ గొట్టాలు కుట్టి నూనెని ఆపడానికి నీళ్ళ మీద అడ్డం వేశారు.

దక్షిణం చివర సూయాక్ దగ్గర గ్రీ గ్రీ ఉంది. ఇక్కడ పగడపు దిబ్బ తెగిపోయింది, సముద్రం నల్ల రాళ్ళకి దబదబా కొడుతుంది. చూడ్డానికి గొప్పగా ఉంటుంది, నీళ్ళలో అడుగు పెట్టొద్దు. ఒక పూట ఆగి చూసి వచ్చే చోటు, రూమ్ తీసుకునే చోటు కాదు.

## మధ్యలో పీఠభూమి

క్యూర్‌పీప్, వాకోవా వైపు టూరిస్టులు ఉండరు. జులైలో స్వెట్టర్ కావాలి. కానీ ఆ దేశపు జనం ఎక్కువగా బతికేది ఇక్కడా, పోర్ట్ లూయీ నుంచి ఇక్కడిదాకా ఉన్న ఊళ్ళలోనూ, ఇప్పుడు పోర్ట్ లూయీ నుంచి క్యూర్‌పీప్ దాకా మెట్రో కూడా ఉంది. తెలుగువాళ్ళ జాడ కోసం వెళ్ళేవాళ్ళకి ఒడ్డు కంటే ఇదే మేలు. కాకినాడ పక్క కోరంగి రేవులో ఓడెక్కి వెళ్ళిన వాళ్ళని అక్కడ కోరింగీలు అనేవారు, వాళ్ళ మనవలూ మునిమనవలూ ఇప్పటికీ రామభజనలు చేస్తారు, అమ్మోరు పండగ చేస్తారు, ఉగాది అయితే ఆ దేశానికే సెలవు. మాట్లాడేది మాత్రం ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్ భాష, తెలుగులో పలకరిస్తే గడగడా జవాబు వస్తుందని ఆశపడొద్దు. పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్ తప్పకుండా చూడండి, కూలీలు దిగిన మెట్లు ఇంకా ఉన్నాయి. గంగా తలావ్ ఒక పాత అగ్నిపర్వతపు బిలంలో నిలిచిన చెరువు, శివరాత్రికి లక్షల మంది నడిచి వస్తారు, ఆ వారం రోడ్ల మీద కారుతో తిరిగే ప్లాన్ పెట్టుకోకండి.

తిండి గురించి ఇక్కడే చెప్పేస్తా. పప్పు పూర్ణం తీపి లేకుండా పెట్టిన బొబ్బట్టులాంటి ధోల్ పూరీ, మన మసాలా వడకి చుట్టమైన గాతో పిమా, ఇవి రోడ్డు పక్కన ఎక్కడైనా దొరుకుతాయి. శాకాహారులు పెద్ద దీవిలో పస్తుండరు.

## రోడ్రిగ్స్ కలుపుకోవాలా?

రెండోసారి నేనూ నా ఫ్రెండూ వెళ్ళింది దీనికోసమే. 108 చదరపు కిలోమీటర్లు, ఒక చివర నుంచి ఇంకో చివరకి 18 కి.మీ., ఎత్తైన మోంట్ లిమోన్ 398 మీటర్లు. దీవి కంటే దాని లగూనే పెద్దది, దాదాపు రెండింతలు. సముద్రం వెనక్కి పోయినప్పుడు ఆడవాళ్ళు చేతిలో ఇనుప కడ్డీతో కిలోమీటర్ల దూరం నడుచుకుంటూ వెళ్ళి ఆక్టోపస్‌లు పట్టుకొస్తారు, కర్రల మీద బట్టలు ఆరేసినట్టు వాటిని ఆరేస్తారు. ఆగస్టు నుంచి అక్టోబర్ మధ్యలో కొన్ని వారాలు ఆ వేట ఆపేస్తారు, అవి పెరగాలని.

పెద్ద దీవికీ దీనికీ పోలికే లేదు. చెరకు తోటలు లేవు, మొక్కజొన్న, ఎర్ర చిక్కుడు గింజలు, మిరపకాయలు, చిట్టి నిమ్మకాయలు, తేనె. జనం ఎక్కువగా ఆఫ్రికన్ మూలాల క్రియోల్ క్రైస్తవులు, 2002 నుంచి సొంత ప్రాంతీయ అసెంబ్లీ ఉంది. రిసార్టులు తక్కువ, ఇళ్ళలోనే రూములిచ్చి భోజనం పెడతారు, అదే బాగుంటుంది. నీటి కొరత నిజంగా ఉంది, అరగంట షవర్ కింద నిలబడకండి.

ఎందుకు వెళ్ళాలి అంటే నడక. తూర్పు తీరం వెంబడి సెయింట్ ఫ్రాన్స్వా నుంచి గ్రావియే దాకా కాలిబాట, మధ్యలో రెండు రాళ్ళ గోడల మధ్య ఇరుక్కున్న త్రూ దార్జాన్ అనే బుల్లి బీచ్, మేం వెళ్ళినప్పుడు అక్కడ మేమిద్దరం, ఒక కుక్క. లగూన్ లోపల ఈల్ ఓ కోకో అనే పక్షుల దీవి. శనివారం పొద్దున పోర్ట్ మాథురిన్ సంత, పొద్దున అంటే నిజంగా తెల్లవారుజామునే, ఎనిమిదికి వెళ్తే ఖాళీ సంచులు కనిపిస్తాయి. ఎంత ప్రశాంతమైన చోటంటే 1883లో క్రకటోవా అగ్నిపర్వతం పేలితే, దాదాపు 4,800 కి.మీ. దూరాన ఉన్న ఇక్కడ ఫిరంగులు పేలుతున్నట్టు వినపడిందని అప్పటి పోలీస్ అధికారి రాసిపెట్టాడు.

ఎందుకు వెళ్ళకూడదు అంటే మూడు నాలుగు ఉన్నాయి. చిన్న విమానం, గంటన్నర, సీట్లు తక్కువ, లగేజీ లిమిట్ గట్టిగా ఉంటుంది. ఓడ కూడా ఉంది, ఒకటిన్నర రోజు పడుతుంది, మీ కడుపు మీద మీకు నమ్మకం ఉంటేనే. గాలి తప్పించుకోవడానికి చోటు లేదు. చేపా ఆక్టోపస్ తినని వాళ్ళకి మూడో రోజుకి అన్నం, చిక్కుడు గింజల పులుసు, నిమ్మకాయ పచ్చడి విసుగొస్తుంది, ముందే ఇంటివాళ్ళకి చెప్పి పెట్టండి. మొత్తం ట్రిప్ ఎనిమిది రోజుల లోపైతే వద్దు, అది దాటితే మూడు రాత్రులు ఇవ్వండి. తిరిగొచ్చిన రోజే ఇండియా ఫ్లైట్ పెట్టుకోకండి, మధ్యలో ఒక రాత్రి మాహెబూర్‌లో పడుకుంటే మనశ్శాంతి.

## మ్యాపులో ఉన్నా లిస్టులో పెట్టుకోనక్కర్లేనివి

సెయింట్ బ్రాండన్ జాలర్లది, సముద్ర పక్షులది, తాబేళ్ళది. చేపల వేట పిచ్చి ఉన్న డబ్బున్న విదేశీయులు పడవల్లో వెళ్తారు, మనకి అవసరం లేదు.

అగలేగా గురించి మనవాళ్ళు ఇప్పుడు బాగా అడుగుతున్నారు, ఇండియా కట్టిన పొడుగాటి రన్‌వే, జెట్టీ 2024 ఫిబ్రవరి 29న ప్రారంభమయ్యాక. రెండు దీవులు, కొబ్బరి తోటలు, మూడొందల మంది జనం. అది టూరిస్ట్ చోటు కాదు, హోటల్ లేదు. అదే ఏడాది డిసెంబర్‌లో చీడో తుఫాను ఆ దీవిని బాగా దెబ్బతీసింది కూడా.

చాగోస్ సంగతి ఇంకా పెద్దది. 1965లో బ్రిటన్ మారిషస్ నుంచి విడదీసి, అక్కడి జనాన్ని 1968–73 మధ్య ఖాళీ చేయించి డియేగో గార్సియాలో అమెరికా స్థావరానికి చోటిచ్చింది. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం అది తప్పని అభిప్రాయం చెప్పింది, 2025 మే 22న మారిషస్‌కి అప్పగించేలా ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. మీ సెలవుల ప్లాన్‌కి దీంతో పని లేదు, కానీ పోర్ట్ లూయీలో టాక్సీ ఎక్కి ఈ మాట కదిపితే దిగే దాకా డ్రైవర్ ఆపడు.

## మరి నేనైతే

ఐదు రోజులు, పెద్దవాళ్ళతో: ఏ నెలైనా ఫ్లిక్ ఆన్ ఫ్లాక్, ఒక రోజు కొండల వైపు, ఒక రోజు పోర్ట్ లూయీ. కొత్త జంట, డిసెంబర్: బెల్ మార్. ఫ్రెండ్స్ గ్యాంగ్: గ్రాండ్ బే, చివర ఒక రాత్రి ఎయిర్‌పోర్ట్ దగ్గర బ్లూ బే. కారు నడపగలిగితే అద్దెకి తీసుకోండి, మనలాగే ఎడమ వైపు నడపడమే, మీటర్ వేయని టాక్సీలతో బేరాలాడే బాధ తప్పుతుంది. నెల మీ చేతిలో ఉంటే మాత్రం అక్టోబర్, నవంబర్ మొదట్లో వెళ్ళండి, గాలి తగ్గి ఎండ ఇంకా మండదు, అప్పుడు ఏ ఒడ్డు తీసుకున్నా పెద్ద తేడా రాదు.

మేం వచ్చే అక్టోబర్‌లో మళ్ళీ వెళ్తున్నాం, ఈసారి పడమర ఆరు రాత్రులు, రోడ్రిగ్స్ మూడు. రోడ్రిగ్స్‌లో కూడా గాలేనని నోరుజారి చెప్పేశాను, అమ్మ అప్పుడే నాలుగు పిన్నులూ ఒక మఫ్లరూ తీసి పక్కన పెట్టుకుంది.